మనోవర్తి బకాయి రాబట్టాలంటే ఏది మేలు: వారెంటా, జీతం జప్తా?

"ఆర్డరు వచ్చి రెండేళ్లయింది మేడం. పిల్లాడి కోసం ఒక్క రూపాయి కూడా కట్టలేదు. ఇప్పుడు ఏ కేసు వేయాలి?" ఫ్యామిలీ కోర్టు వరండాలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో సగంమంది జవాబు కూడా తామే అనుకుని వస్తారు: "వారెంటు తీయించి లోపల వేయించాలి." ఆ కోపం న్యాయమైనదే. పిల్లల్ని పెంచే భారమంతా ఒక్కరి మీద వదిలేసి, కోర్టు చెప్పినా లెక్కచేయని మనిషిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ బిడ్డకు కావలసింది జూన్‌లో ఫీజు, ప్రతినెలా తిండి, మందులు. ఆ డబ్బు ఏ దారిలో వస్తుందో చూసి కేసు వేయాలి తప్ప, ఏ దారిలో అతనికి ఎక్కువ నొప్పి కలుగుతుందో చూసి కాదు.

మనోవర్తి ఎంత వేయాలి, మధ్యంతర ఉత్తర్వు ఎలా తెచ్చుకోవాలి అన్నవి ఇక్కడ ఎత్తుకోవడం లేదు. ఆర్డరు చేతిలో ఉంది, డబ్బు రావడం లేదు. అక్కడినుంచి మాట్లాడుకుందాం.

దారులు ప్రధానంగా మూడు. ఒకటి, మనోవర్తి కేసులోనే బకాయి పిటిషన్ వేసి వారెంటు అడగడం. రెండు, ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి సివిల్ డిక్రీలాగా, అంటే సివిల్ కోర్టు తుది తీర్పులాగా, అమలు చేయించుకోవడం. మూడు, గృహహింస చట్టం కింద ఆర్డరు ఉంటే ఆ మేజిస్ట్రేటు చేతనే జీతంలోంచి కోత పెట్టించడం. వీటిలో ఏది మేలో తేల్చేది, నా ఉద్దేశంలో, ఒక్కటే: అతని సంపాదన అతని చేతికి చేరేలోపు ఇంకొకరి చేతి మీదుగా వెళ్తుందా, లేదా? జీతం బిల్లు చేసే ఆఫీసు ఒకటి ఉంటే జప్తు వైపు వెళ్లండి. అలాంటి చెయ్యేదీ లేకపోతే వారెంటు. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు వారెంటు సంగతి. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125(3), 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144(3). నంబరు మారింది కానీ పద్ధతి మారలేదు. సరైన కారణం లేకుండా కట్టకపోతే, జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే బకాయి వసూలుకు మేజిస్ట్రేటు లేదా ఫ్యామిలీ కోర్టు వారెంటు ఇవ్వవచ్చు. అంటే చరాస్తుల జప్తు, లేదా కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు. అప్పటికీ కట్టనిది మిగిలితే ఒక నెల దాకా జైలు. డబ్బు కట్టేస్తే ముందే వదిలేస్తారు. చట్టంలో ఉన్న వరస ఇది. జైలు రెండో మెట్టు. ఈ దారికి పెద్ద బలం ఏమిటంటే, అతను ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మేజిస్ట్రేటు చేత ఆర్డరు అమలు చేయించుకోవచ్చు. మీ ఊరు వదిలి వెళ్లిపోయాడని కేసు ఆగిపోదు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది గడువు. ఏ నెల మనోవర్తి అయినా చెల్లించాల్సిన తేదీనుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే దానికి వారెంటు. నెలకు 8,000 చొప్పున 24 నెలలు రాలేదనుకుందాం. మొత్తం 1,92,000. ఈరోజు పిటిషన్ వేస్తే వారెంటు దారిలో వచ్చేది చివరి 12 నెలలవి, అంటే 96,000 మాత్రమే. "ఎప్పటికైనా ఇస్తాడులే, పిల్లాడి తండ్రేగా" అని ఆగిన ప్రతి నెలా వెనకనుంచి ఒక నెల జారిపోతూ ఉంటుంది. అయితే జారిపోయిన డబ్బు మీద హక్కు పోదు. ఏడాది దాటిన బకాయికి వారెంటు, జైలు అనే పద్ధతి మాత్రమే ఉండదని, సివిల్ దారి తెరిచే ఉంటుందని పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంకో ఊరట, ఒకసారి గడువులోపు పిటిషన్ వేశాక అది నడుస్తుండగా పడే బకాయిలకు మళ్లీ మళ్లీ కొత్త పిటిషన్లు వేయనక్కర్లేదని 2005లో శాంత కేసులో చెప్పింది. మీ వకీలు ఈ రెండు తీర్పులూ పిటిషన్‌లో పెట్టారో లేదో చూసుకోండి.

రెండో లోపం జైలే. నెల రోజులు ఉండి వస్తే బకాయి రద్దయిపోతుందని చాలామంది భర్తలు అనుకుంటారు, కొందరు భార్యలు కూడా నమ్ముతారు. అది నిజం కాదు. జైలు వసూలు కోసం తెచ్చే ఒత్తిడే కానీ చెల్లింపు కాదని కుల్‌దీప్ కౌర్ కేసులో 1989లోనే తేలింది. కట్టేదాకా అప్పు అప్పే. ఒకసారి వేసే శిక్ష నెలకు మించకూడదని, తర్వాతా కట్టకపోతే మళ్లీ కోర్టుకు రావచ్చని 1999లో షహాదా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చట్టం మీవైపే ఉంది. కానీ ఆ నెల రోజులు అతనికి సంపాదన ఉండదు. ప్రైవేటు ఉద్యోగమైతే అదీ ఊడవచ్చు. ఊడితే బిడ్డకు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. వారెంటు ఎక్కువగా పనిచేసేది పోలీసులు తలుపు కొట్టే ముందే. డబ్బు ఉండీ దాచుకున్నవాడు ఆ దశలో కొంత తెచ్చి కోర్టులో కడతాడు. వచ్చే నెల మళ్లీ మామూలే.

అందుకే జీతం వచ్చేవాడి విషయంలో నేను ఈపీ వైపే మొగ్గుతాను. మనోవర్తి ఉత్తర్వును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలా అమలు చేయించుకోవచ్చని 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఏ సెక్షన్ల కింద అన్నది కూడా పేరుపెట్టి చెప్పింది: 51, 55, 58, 60, ఆర్డర్ 21 (ఇది కోర్టు ఇచ్చే ఆర్డరు కాదు, ఆ కోడ్‌లో అమలు నియమాలున్న భాగం). వీటిలో 60వ సెక్షన్‌ను ప్రతి తల్లీ తెలుసుకోవాలి. మామూలు అప్పుకైతే జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీకైతే ఈ లెక్క తలకిందులవుతుంది. ఉద్యోగికి మిగల్చాల్సింది మూడింట ఒక వంతు మాత్రమే. మిగతా రెండు వంతులూ జప్తు చేయవచ్చు.

అంకెల్లో చూడండి. లెక్కలోకి వచ్చే జీతం 45,000 అనుకుందాం. ఫైనాన్స్ కంపెనీ అప్పుకు జప్తు చేయగలిగేది సుమారు 14,667. బిడ్డ మనోవర్తికి 30,000 దాకా. నోటిఫికేషన్ ద్వారా మినహాయించిన అలవెన్సులు ఈ జీతం లెక్కలోకి రావు కాబట్టి అసలు అంకె కాస్త తగ్గవచ్చు. అయినా తేడా ఎంత ఉందో చూశారా. బిడ్డ అన్నం ఇంకే అప్పుకన్నా ముందని చట్టం చెప్పిన చోటు ఇది. మామూలు అప్పుల జప్తుకు 24 నెలలయ్యాక విరామం ఇవ్వాలన్న నియమం కూడా మనోవర్తికి చెప్పిన క్లాజులో లేదు.

ప్రభుత్వోద్యోగి, రైల్వే, పంచాయతీ, మున్సిపల్ ఉద్యోగి అయితే ఆర్డర్ 21 రూల్ 48. ప్రైవేటు ఉద్యోగి అయితే రూల్ 48ఏ. కోర్టు ఉత్తర్వు జీతం బిల్లు చేసే అధికారికి వెళ్తుంది, అక్కడే కోత పడుతుంది. ఉత్తర్వు అందాక కూడా పట్టించుకోకుండా మొత్తం జీతం ఉద్యోగికే ఇచ్చేస్తే, ఆ మేరకు యజమానే బాధ్యుడవుతాడు. ఈ ఒక్క వాక్యం వల్లే చాలా ఆఫీసులు మారుమాట లేకుండా కోత పెడతాయి. ఇక అతనితో వాదన లేదు, బతిమాలుకోవడం లేదు. ఒకటో తారీకున అతని మనసు ఎలా ఉందన్న దానితో పనిలేదు. బకాయిని వాయిదాలుగా, నెలనెలా పడే మొత్తాన్ని దానితో కలిపి కోత పెట్టమని పిటిషన్‌లోనే అడగండి.

ఈపీలు ఎక్కువగా తిరిగొచ్చేది చిన్న విషయాల దగ్గరే. జీతం బిల్లు చేసే అధికారి (డీడీవో) హోదా, ఆఫీసు పూర్తి చిరునామా, ఎంప్లాయీ ఐడీ సరిగ్గా ఉండాలి. ఈ వివరాలు ఎక్కడ దొరుకుతాయంటే, రజనీష్ తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలి. ముందు దాన్ని తీసి చూడండి. అందులో అబద్ధం చెప్పాడనిపిస్తే ఆర్డర్ 21 రూల్ 41 కింద మళ్లీ ఆస్తుల అఫిడవిట్ అడగవచ్చు. అదీ వేయకపోతే సివిల్ జైలు మూడు నెలల దాకా. ప్రభుత్వోద్యోగి జీతం విషయానికొస్తే, ప్రతి కార్యాలయం తన ఉద్యోగుల నెలజీతాలను తనంతట తానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. ఆర్టీఐ అర్జీలో ఆ సెక్షన్ రాయండి.

ఈపీకి ఉన్న బలహీనత ఉద్యోగం మారడం. కొత్త కంపెనీకి కొత్త ఉత్తర్వు కావాలి, ఆ మధ్యలో కొన్ని నెలలు పోతాయి. భవిష్యనిధి జప్తుకు లొంగదు. ఈపీలో కూడా అరెస్టు అడగవచ్చు కానీ అతనికి స్తోమత ఉండీ కట్టడం లేదని మీరు చూపించాలి. జైల్లో అతని తిండి ఖర్చు కూడా మీరే కోర్టులో కట్టాలి. అదే డిక్రీకి రెండోసారి అరెస్టు ఉండదు. కాబట్టి ఒత్తిడి కావాలనుకుంటే సివిల్ అరెస్టు కన్నా మనోవర్తి కేసులో వారెంటే మేలు.

గృహహింస చట్టం కింద బిడ్డకు కూడా కలిపి డబ్బు ఆర్డరు వచ్చి ఉంటే ఈపీ కన్నా దగ్గరి దారి ఉంది. సెక్షన్ 20(6) ప్రకారం, కట్టకపోతే అతని యజమానిని, అతనికి డబ్బు ఇవ్వాల్సినవాళ్లను కూడా, నేరుగా మీకే చెల్లించమనో కోర్టులో జమ చేయమనో మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. వేరే కోర్టు, వేరే పిటిషన్ అక్కర్లేదు. డీవీసీ (గృహహింస కేసు) ఆర్డరు చేతిలో ఉంచుకుని కూడా ఈ సంగతి తెలియక ఏళ్లు గడిపినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అయితే బకాయి కోసమే ఇప్పుడు కొత్తగా డీవీసీ మొదలుపెట్టడం దండగ. ఉన్న ఆర్డరునే అమలు చేయించుకోండి. బిడ్డ తండ్రి దగ్గర పెరుగుతూ తల్లి కట్టాల్సిన కేసుల్లో ఈ దారి ఉండదు, ఎందుకంటే ఆ చట్టం కింద దరఖాస్తు చేయగలిగేది స్త్రీలే.

జీతం లేని మనిషి అయితే? కాంట్రాక్టు పనులు, దుకాణం, సొంత లారీ, వ్యవసాయం. అక్కడ నా మొగ్గు వారెంటు వైపు, ఆస్తి ఏదైనా కనబడితే దాంతోపాటు జప్తు. బ్యాంకు ఖాతా మీద ఆశపెట్టుకోవద్దు, నోటీసు అందేలోపు ఖాళీ అవుతుంది. పొలమో స్థలమో ఉంటే జప్తు ఉత్తర్వు నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు కూడా పంపమని కోర్టును అడగండి. జప్తు తర్వాత అతను అమ్మినా ఆ అమ్మకం మీ బకాయి విషయంలో చెల్లదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 64 చెబుతోంది. తమ్ముడి పేరున రాసేస్తాడన్న భయం ఉంటే రేపటి దాకా ఆగకండి.

రెండు దారులూ ఒకేసారి పట్టవచ్చా అని అడుగుతారు. పట్టవచ్చు. ఏడాదిలోపు బకాయికి వారెంటు, అంతకు ముందుదానికి సివిల్ దారి అని పంచుకోవడం మంచి పద్ధతి. ఒకే నెల డబ్బు రెండుసార్లు అడగకూడదు, ఒక కోర్టులో ఉన్న కేసు సంగతి రెండో కోర్టుకు చెప్పాలి. దాచిపెడితే మీకే నష్టం. తగ్గించమని అతను పిటిషన్ వేశానంటే కంగారుపడకండి. స్టే లేనంతవరకు పాత మొత్తమే కట్టాలి.

లోక్ అదాలత్ అవార్డుకు డిక్రీ బలం ఉంది, అప్పీలు లేదు. బకాయిలో సగం వదులుకోమన్న మాట అక్కడ తప్పకుండా వస్తుంది, జాగ్రత్త. పెద్దమనుషుల ఒప్పందం, స్టేషన్ కౌన్సెలింగ్ వసూలుకు పనికిరావు. అతను విదేశంలో ఉంటే ఇక్కడి ఆస్తి జప్తే ముందు. కోర్టు వారెంటు జారీ అయితే దాన్ని చూపించి పాస్‌పోర్టు స్వాధీనానికి పాస్‌పోర్టు అధికారికి రాయవచ్చు.

ఫీజు ఇచ్చుకోలేమని ఆగిపోవద్దు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆర్డరు నకలు, ఏ నెల ఎంత వచ్చింది, ఎంత రాలేదు అని రాసిన కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్లండి. మనోవర్తి ఆర్డరు నకలు మీకు ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహితే, 147వ సెక్షన్‌లో చెబుతోంది.