మహబూబ్ చౌక్‌లో లక్కా జోడీ: తోక ఈకలు లెక్కపెట్టించి మరీ ఇచ్చారు

తోక విసనకర్రలా విచ్చుకునే లక్కా పావురాలు తెచ్చుకోవాలని మూడేళ్ళుగా అనుకుంటున్నా. గుంటూరులో నాకు దొరికినవన్నీ అరకొర తోకలవి. చివరికి జూన్‌లో హైదరాబాద్ వెళ్ళి, మహబూబ్ చౌక్ క్లాక్ టవర్ దగ్గరి సందులో ఒక పాత దుకాణంలో జోడీ తీసుకున్నా. మూడు నెలలు పెంచాక రాస్తున్నా.

దుకాణం పెద్దాయన్ని అందరూ చాచా అంటారు. లక్కా కావాలనగానే ఆయన ధర చెప్పలేదు. ఒక తెల్ల ఆడపక్షిని బయటికి తీసి, కాళ్ళు వేళ్ళ సందున పట్టుకుని, తోక నా వైపు తిప్పి "లెక్కపెట్టమ్మా" అన్నారు. నేను బ్లౌజులు కుడతాను, పెళ్ళి చీరలకు కుచ్చిళ్ళు పెట్టి ఇస్త్రీ చేసిస్తాను. ఆ తోక అచ్చం అలాగే ఉంది. ఒక్కో ఈక పక్కదాని మీద సగం ఎక్కి, ఎక్కడా సందు లేకుండా, విసనకర్రలా విచ్చుకుని ఉంది. వేలితో ఒక్కోటీ జరుపుతూ లెక్కపెట్టా. 30 వచ్చాయి. మగదానికి 28. మామూలు పావురానికైతే 12 ఉంటాయి.

పక్క పంజరంలో ఇంకో మగది ఇంతకన్నా ఠీవిగా కనిపించింది. అదీ చూపించమన్నా. "అది వద్దు బేటీ, దాని తాత మామూలు కబూతర్. పిల్లలకి తోక సరిగా రాదు" అని చెప్పి పంజరం వెనక్కి జరిపేశారు. అప్పుడే ఆయన మీద నాకు గురి కుదిరింది.

నేను బీఎస్సీలో జువాలజీ చదివా, కాబట్టి ఈ తోక వెనక కథ కొంత తెలుసు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలోనే లక్కా పేరుంది. కూత ఇంపుగా ఉంటుందని, తల నిలిపే దర్పం చూస్తే ఆశ్చర్యమేస్తుందని రాశాడు. అక్బర్ దర్బారు వెంట 20,000కు తగ్గకుండా పావురాలు కదిలేవి. జాతుల్ని కలిపి మేలైనవి తీయించేవాడు. యూరప్‌లో ఈ తోక ఎలా పెరిగిందో డార్విన్ పాత పుస్తకాలు వెతికి లెక్క తీశాడు: 1677లో 26 ఈకలు, 1735లో 36, 1824కల్లా ఫ్రాన్స్‌లో 42. రెండు ఈకలు ఎక్కువున్న పిల్లని ఎవరో ముచ్చటపడి ఉంచుకుంటే, దాని పిల్లల్లోంచి ఇంకొకరు ఎంచుకుంటే, తరాలు గడిచేసరికి ఇంత తోక తయారైంది. మొదట ఎంచుకున్న మనిషికి ఇది ఇలా అవుతుందని కలలో కూడా తెలియదంటాడు డార్విన్.

ఇంగ్లండ్ వాళ్ళు పెంచిన రకం తల వెనక్కి వాల్చి తోకకు ఆనిస్తుంది, కాళ్ళు నున్నగా ఉంటాయి. మన లక్కాకి తల వెనక చిన్న కొప్పు, కాళ్ళ నిండా ఈకలు. నాకు మనదే నచ్చుతుంది.

మా గుంటూరుకీ ఇందులో వాటా ఉంది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్టే, తర్వాత డార్విన్‌కి మన దేశం నుంచి పావురాల చర్మాలు పంపాడు. 1859లో వచ్చిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' పుస్తకం మొదటి అధ్యాయంలోనే డార్విన్ ఆయన పేరు చెప్పుకున్నాడు. ఈ సంగతి చెబితే చాచా రెండోసారి టీ తెప్పించారు.

జోడీ 2,400 రూపాయలు. ఈ తోకలకి అది న్యాయమైన ధరే. రెండు కిలోల దాణా కూడా ఇచ్చారు. జొన్నలు, సజ్జలు, శనగలు, పెసలు కలిపింది, పురుగూ దుమ్మూ లేవు.

బాధపెట్టింది మాత్రం ప్యాకింగ్. ఇరుకు అట్టపెట్టెలో రెంటినీ కుక్కి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే ఆడదాని తోకలో ఐదు ఈకలు వంగాయి, ఒకటి విరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తోక విలువ అంత తెలిసిన మనిషి పెట్టె విషయంలో ఇలా ఎందుకు చేశారో! ఫోన్ చేస్తే, పక్షికి సెగ తగలకుండా దూరం నుంచి ఆవిరి చూపించమన్నారు. వంగినవి మూడు రోజుల్లో నిటారుగా నిలిచాయి. విరిగినదాన్ని పీకొద్దని, ఈకలు రాల్చే కాలంలో కొత్తది వస్తుందని చెప్పారు.

ఇంకో లోటు. మొదటి విడత గుడ్లు రెండూ వట్టివే అయ్యాయి. మళ్ళీ ఫోన్ చేశా. తోక గుబురుగా ఉంటుంది కాబట్టి, జతకట్టే ముందు రెంటికీ తోక కింద మెత్తటి ఈకలు కత్తిరించాలట. "చెప్పడం మర్చిపోయా, మాఫ్ చెయ్ బేటీ" అన్నారు. నా చిన్న కత్తెరతోనే కత్తిరించా. రెండో విడతలో 18వ రోజున ఒక పిల్ల బయటికొచ్చింది. ఇప్పుడు పదో రోజు. తోక దగ్గర ఈకలింకా విచ్చుకోలేదు, గుండుసూదులు గుచ్చినట్టు వరసగా నీలంగా కనిపిస్తున్నాయి. రోజూ పొద్దున్నే లెక్కపెట్టబోతా, అది ముక్కుతో పొడుస్తుంది.

సంక్రాంతి లోపల నల్ల తోక జోడీ కోసం మళ్ళీ ఆ దుకాణానికే వెళ్తున్నా. ఈసారి వెడల్పాటి వెదురుబుట్ట నేనే పట్టుకెళ్తా.