నీటిరంగులా, ట్యాబ్లెట్టా: ప్రింట్లు అమ్మే చిత్రకారులకు ఏది మేలు?

నా దుకాణంలో ప్రింట్లు కొన్నవారూ, అలాంటి ఆన్‌లైన్ దుకాణం తెరవాలనుకుంటున్న కుర్ర చిత్రకారులూ తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. బొమ్మను కాగితం మీద నీటిరంగులతో వేసి స్కాన్ చేయడం మేలా, లేక మొదటినుంచీ ఐప్యాడ్ మీద ప్రొక్రియేట్ అనే బొమ్మలు వేసే యాప్‌లో వేయడం మేలా? గత వేసవిలో నేను అమ్మకానికి పెట్టిన రెండు బొమ్మల్లో ముంజల బండి కాగితం మీద వేసినది, జామకొమ్మ మీది చిలుకల జంట ట్యాబ్లెట్ మీద వేసినది. కనుక ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా సమాధానం చెప్పడం తేలిక.

బొమ్మ రూపుదిద్దుకునే దశలో ట్యాబ్లెట్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. చిలుక తోకను మూడుసార్లు పొడిగించి, కురచ చేసి, చివరకు జంటలో ఒకదాన్ని అవతలి కొమ్మకు మార్చాను. లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక పొరలు, విడివిడిగా ఉన్నందున వెనకనున్న ఆకులకు ఏమీ కాలేదు. నీటిరంగుల్లో ఆ వెసులుబాటు ఉండదు. ముంజలోని తెలుపు నిజానికి కాగితపు తెలుపే కాబట్టి, దాని చుట్టూ రంగు వేస్తూ, దాన్ని మొదటినుంచీ కాపాడుకుంటూ రావాలి. ఒకసారి అక్కడ రంగు పారితే తర్వాత తెల్ల గువాష్ (కింది రంగును కప్పేసే దట్టమైన నీటిరంగు) పూసినా అది సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుందే తప్ప ముంజకు ఉండే ఆ గాజుతనం తిరిగి రాదు. ఈ ఒక్క బొమ్మకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నూలు కాగితాలు రెండు పాడుచేశాను. వాటి ధర తెలిసినవారికి నా బాధ వేరే చెప్పనక్కరలేదు.

పరిమాణం విషయంలో రెండూ దాదాపు సమానమే. ఎ3 ప్రింటు అంగుళానికి 300 చుక్కల చొప్పున రావాలంటే సుమారు 3508 × 4961 పిక్సెళ్ల ఫైలు కావాలి; ట్యాబ్లెట్ మీద ఆ కొలత ముందే నిర్ణయించుకోవాలి, కొలత పెరిగేకొద్దీ లేయర్ల సంఖ్య తగ్గుతుంది. ఎ4 కాగితం మీది బొమ్మను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలతో) స్కాన్ చేస్తే ఎ2 వరకూ పెంచుకోవచ్చు గానీ, దానితోపాటు చెరిపామనుకున్న పెన్సిలు గీతలూ, కాగితానికి అంటుకున్న నూగూ పెద్దవవుతాయి.

అసలు తేడా రంగు దగ్గర వస్తుంది. తెర వెలుగును వెదజల్లుతుంది, ప్రింటు తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతుంది; అందువల్ల తెర మీద మెరిసే కొన్ని ఆకుపచ్చలు, నీలాలు, నారింజలు ప్రింటరు సిరాలకు అందవు. నా చిలుకలు ట్యాబ్లెట్ మీద వరిమొలకలా మిలమిలలాడాయి, మొదటి ప్రూఫులో, అంటే సరిచూసుకోవడానికి వేసే నమూనా ప్రింటులో, ఉడికిన తోటకూరలా వచ్చాయి. అంతవరకూ ఊహించినదే. ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. ప్రింటు వేసే ఆయన, ‘మీకు ఏ ఆకుపచ్చ కావాలి?’ అని అడిగినప్పుడు చూపించడానికి నా దగ్గర ఆ తెర తప్ప మరేమీ లేదు. రాత్రిపూట వెలుతురు తగ్గించుకుని వేసిన ఆకుపచ్చ పగలు నిండు వెలుతురు పెట్టి చూస్తే మరొకలా ఉంది, ఆయన కంప్యూటర్‌లో ఇంకొకలా ఉంది. వీటిలో ఏది నేను వేసిన రంగో నేనే చెప్పలేకపోయాను.

కాగితపు దారిలో మోసాలు లేవని అనను. లేత వాష్‌లను, అంటే నీళ్లు ఎక్కువ కలిపి పలచగా పూసిన రంగులను, స్కానర్ తరచుగా మింగేస్తుంది. ముంజల మీది పలచని నీలిఛాయ మొదటి స్కానులో పూర్తిగా తెల్లబడిపోయింది. తడికి వంకర తిరిగిన కాగితాన్ని సన్నపాటి సీఐఎస్ స్కానర్ (గాజుకు ఆనినదాన్నే స్పష్టంగా చదివే రకం) మీద పెడితే గాజుకు ఆనని చోట్ల బొమ్మ మసకబారుతుంది. బండివాడి తలగుడ్డకు వాడిన ఒపేరా గులాబీ రంగులోని మెరుపు స్కానుకూ, ప్రింటుకూ దొరకదు, పైగా ఎండ తగిలితే వెలిసిపోతుంది కూడా. అయినా ప్రూఫు చేతికి వచ్చినప్పుడు దాన్నీ అసలు బొమ్మనూ కిటికీ దగ్గర పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టగలిగాను. నీలం తగ్గింది, తాటికాయల ఊదా ఎరుపు తిరిగింది అని వేలుపెట్టి చూపించాను, ఆయనా చూశాడు, రెండో ప్రూఫుకే సరిపోయింది. గులాబీ మాత్రం రాలేదు, రాదని ఇద్దరికీ అర్థమైంది. ఈ సాక్ష్యం కోసమే నేను కాగితం వైపు మొగ్గుతాను.

వపాగా పేరొందిన చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారి చిత్రాలను ‘చందమామ’, ‘యువ’ పత్రికల ముఖచిత్రాలుగా చూస్తూ పెరిగిన మనలో చాలామందికి తెలిసిన వపా రంగులు అచ్చుయంత్రం ఇచ్చిన రంగులే. వాటిలో కుంచెది ఎంత, సిరాది ఎంత అని తేల్చాలంటే అసలు చిత్రం ఎదురుగా ఉండాలి.

ప్రొక్రియేట్‌లో కాన్వాస్ తెరిచేటప్పుడే సీఎంవైకే ప్రొఫైల్ (అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగులకు తగిన అమరిక) ఎంచుకోవచ్చు కదా అని కొందరు అంటారు. నిజమే, దానివల్ల నిరాశ చాలావరకు తగ్గుతుంది. కానీ అదీ తెర వేసే అంచనాయే, చేత్తో పట్టుకుని ప్రూఫు పక్కన పెట్టగల వస్తువు కాదు. ఆర్డరు రాగానే ప్రింటు వేసి నేరుగా కొనుగోలుదారుకు పంపే సంస్థల ద్వారా అమ్మేవారికి మాత్రం నేను చెప్పే లాభం అంతగా దక్కదు, ఎందుకంటే ప్రూఫు వారి కంట పడనే పడదు. అలాంటివారు ముందుగా ఒక నమూనా తెప్పించుకుని చూడాలి, లేదా ట్యాబ్లెట్‌తోనే సరిపెట్టుకోవాలి.

కాగితం మీద వేసిన బొమ్మను అసలుగా ప్రింటు కన్నా ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చన్నది అదనపు లాభం, పాడైన రెండు కాగితాల ఖర్చూ అందులోనే రాబట్టుకోవాలి. మిగిలిన దారుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్టిక్కర్లకు వెక్టర్ బొమ్మలు (ఎంత పెంచినా అంచులు చెదరనివి) బాగుంటాయి. గీత కాగితం మీద గీసి, రంగు ట్యాబ్లెట్‌లో నింపే పద్ధతిలో గీతకు జీవం వస్తుంది గానీ రంగు చిక్కు అలాగే ఉంటుంది. ఫోనుతో ఫొటో తీసి ప్రింటుకు ఇవ్వడం మాత్రం వద్దు.

సంక్రాంతి కార్డుల్లాంటి, గడువు దగ్గరపడ్డ పనులను ఇప్పటికీ ట్యాబ్లెట్ మీదే చేస్తాను. చిలుకల జంటను మాత్రం దుకాణం నుంచి తీసేశాను. వానలు తగ్గి, వాష్‌లు త్వరగా ఆరడం మొదలవగానే ఆ బొమ్మను కాగితం మీద మళ్లీ వేస్తాను, ఈసారి ఆకుపచ్చను నా పెట్టెలోని రంగులతోనే కలుపుకుని.