పది స్కూళ్ల సర్వేనా, ఒక్క క్లాసులో కూర్చోవడమా? చదవడం మీద రీసెర్చ్‌కి ఏది మేలు

ఆదోని నుంచి ఎం.ఎడ్ చేసే పిల్లోళ్లు ఫోన్ చేసి ఇదే అడుగుతా ఉన్నారు, "అన్నా, డిసర్టేషన్‌కి పిల్లల చదవడం తీసుకున్నాం, పది స్కూళ్లు తిరగాల్నా, ఒక్క స్కూల్లోనే కూర్చోవాల్నా" అని. నేనైతే ఒక్క క్లాసే అంటా.

సర్వేలో నంబర్లు, టేబుళ్లు వస్తాయి, గైడ్‌కి చూపించేదానికి బాగుంటాది. కానీ ఏం కొలుస్తున్నామో చూసుకోవాల. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత కర్నూలు 59.97 శాతం, అనంతపురం 63.57, కడప 67.30, ఇది ఏడేళ్లు నిండినోళ్లకి చదవను రాయను వచ్చా అని ఇంట్లో అడిగి రాసుకున్న లెక్క, ఎవరిచేతా చదివించి చూసింది కాదు. 2005లో మొదలైన అసర్ (పల్లెల్లో పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే సర్వే) అట్ల కాదు, ఊర్లకి పోయి ఒక్కో పిల్లోన్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. అదీ ఇంటికి పోయి. ఇంటికే ఎందుకో మన కోసిగి పక్క చూస్తే తెలిసిపోతాది, పత్తికీ మిరపకాయలకీ అమ్మానాయనల వెంట గుంటూరు పోయిన పిల్లోళ్లు రిజిస్టర్లో ఉంటారు గానీ క్లాసులో ఉండరు, వచ్చినోళ్లకే టెస్ట్ పెడితే అసలు వెనకబడినోళ్లు లెక్కలోకే రారు.

నేను మూడో తరగతిలో రెండు నెలలు కూర్చున్నా. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ 2026-27 కల్లా మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లోడూ అర్థం చేసుకుని చదవాలంటాది కదా, అందుకే ఆ క్లాసు. ఒక పాప పాఠం గడగడా చదివేది, పుస్తకం మూసినా అదే స్పీడు, అంతా కంఠతా. కొత్త కథ ఇస్తే గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఇంకో పిల్లోడు, ఇంట్లో కన్నడ మాట్లాడతారు, పదాలన్నీ సరిగ్గా పలికినాడు, కథలో ఏమైందంటే చెప్పలేకపోయినాడు. మార్కుల షీట్లో ఇద్దరూ ఫెయిలే, కానీ ఆ పాపకి చేయాల్సింది వేరు, ఈ పిల్లోడికి చేయాల్సింది వేరు, నాకు ఆ తేడా కూర్చుంటేనే కనపడింది.

ఒక్క క్లాసు చూసి జిల్లా అంతా ఇంతే అనకూడదు, అది మాత్రం నిజం. ఎంతమందికి రాదో తేలాలంటే సర్వే కావాల్సిందే, దానికి టీమ్ కావాల, ఒక్కరితో అయ్యే పని కాదు. ఇప్పటికే టీచర్ ఉద్యోగంలో ఉన్నోళ్లు సొంత క్లాసు మీదే యాక్షన్ రీసెర్చ్, అంటే తమ పాఠం చెప్పే తీరుని మార్చి చూసి ఫలితం రాసుకునే పని, చేసుకోవచ్చు.

క్లాసే ఎంచుకుంటే పాఠ్యపుస్తకంలో లేని కథ తీసుకోండి. హెడ్‌మాస్టర్‌నీ తల్లిదండ్రులనీ ముందే అడగండి. అదే పిల్లోడు చదివేటప్పుడు తప్పుల్ని ఇద్దరు విడివిడిగా రాసుకుని తర్వాత పోల్చుకోండి, నాకూ నా ఫ్రెండుకీ ఒత్తుల తప్పుల దగ్గర చాలాచోట్ల కుదరలేదు, దేన్ని తప్పు అనాలో ఆ రూల్ మళ్లీ రాసుకోవాల్సొచ్చింది. వలసలు పోకముందే, దీపావళి లోపలే పేర్ల లిస్టు రాసుకోండి, వలస పోయినోళ్లు తిరిగొచ్చినాక వాళ్లచేతా చదివించండి.