నియంతని ఎక్కడ నిలబెట్టాలి? హేగ్‌లోనా, పరాయి దేశంలోనా, సొంత ఊళ్లోనా?

2025 మార్చి 11న ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డ్యుటెర్టేని, డ్రగ్స్ మీద యుద్ధం పేరుతో జరిగిన హత్యల కేసులో, మనీలా ఎయిర్‌పోర్టులో పట్టుకుని, అదే రోజు హేగ్‌కి విమానం ఎక్కించారు. నెదర్లాండ్స్‌లోని ఆ ఊళ్లోనే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉంది. నాంపల్లి కోర్టులో మా సీనియర్ గారు ఆ వార్త చూసి "ఇదీ పద్ధతి, అందర్నీ ఇట్లనే పంపాలె" అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

నేను చూసేది సాక్షిని. వికారాబాద్ నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి, కేసు వాయిదా పడిందని తెలిసి టిఫిన్ డబ్బా పట్టుకుని వెనక్కి పోవడం రోజూ చూస్తుంటాను, మూడో వాయిదాకి ఆ మనిషి రాడు. ఈ కొంచెం దూరానికే ఇట్లా ఉంటే, ఖండాలు దాటి వెళ్లి నియంత ఎదుట నిలబడి చెప్పమంటే ఎంతమంది వెళ్లగలరు?

హేగ్‌కి ఉన్న బలం నేను కాదనను. అక్కడి జడ్జీలని బెదిరించడం స్థానిక నాయకుడి వల్ల కాదు. కానీ ఆ కోర్టుకి సొంత పోలీసులు లేరు, 2002 జులై 1కి ముందు జరిగిన నేరాలు దాని పరిధిలోకే రావు. దార్ఫుర్ ప్రాంతంలో జరిగిన దారుణాలకి అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద 2009లోనే వారెంటు ఇచ్చారు. ఆయన 2015 అక్టోబర్‌లో ఆఫ్రికా దేశాల సదస్సుకని మన ఢిల్లీకే వచ్చి, సభలో కూర్చుని, క్షేమంగా ఇంటికి పోయాడు. మన దేశం ఆ కోర్టులో సభ్యురాలు కాదు కాబట్టి పట్టుకోవాల్సిన బాధ్యత మనకి లేదన్నారు. చట్టం ప్రకారం అది సరే అనుకున్నా, దార్ఫుర్‌లో ఊళ్లకి ఊళ్లే కాలిపోయినవాళ్లు ఆ ఫొటో చూసి ఏమనుకుని ఉంటారో!

ఇక పరాయి దేశం కోర్టు అంటే అందరికీ గుర్తొచ్చేది చిలీ మాజీ నియంత పినోషే. స్పెయిన్ జడ్జి గార్సోన్ వారెంటు ఇస్తే 1998 అక్టోబర్‌లో లండన్‌లో అరెస్టు చేశారు. చిత్రహింసల కేసులో మాజీ దేశాధినేతకి పదవి రక్షణ కాదని అప్పట్లో బ్రిటన్‌కి అత్యున్నత కోర్టయిన లార్డ్స్ సభ తేల్చింది. అది చాలా పెద్ద మాట, మాజీ పాలకుల కేసుల్లో ఈరోజుకీ దాన్ని చూపిస్తారు. కానీ చిత్రహింసల మీద బ్రిటన్ చట్టం అమల్లోకి వచ్చిన 1988కి ముందటి ఆరోపణలు చాలావరకు ఎగిరిపోయాయి, ఆరోగ్యం బాగాలేదని 2000 మార్చిలో ఇంటికి పంపేశారు. 2006లో ఒక్క శిక్ష కూడా పడకుండానే చనిపోయాడు.

మరి సొంత దేశంలో? 1985లో అర్జెంటీనా తన సైనిక పాలకుల్ని తానే బోనెక్కించింది, విదేలాకి యావజ్జీవం వేసింది. 1990లో కొత్త అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టి వదిలేశాడు, తర్వాత మళ్లీ విచారించి మళ్లీ జైలుకి పంపాల్సి వచ్చింది. ఇరాక్‌లో దీనికి పూర్తి ఉల్టా. దుజైల్ అనే ఊరివాళ్లు 148 మందిని చంపించిన కేసులో సద్దాంని 2006 డిసెంబర్ 30న ఉరి తీశారు, అప్పటికి కుర్దుల మీద జరిగిన అన్ఫాల్ మారణకాండ కేసు ఇంకా నడుస్తోంది. ప్రధాన నిందితుడే పోయాక తమ కేసులో అతని మీద తీర్పు వినే అవకాశం ఆ కుర్దులకి శాశ్వతంగా పోయింది. నాకు ఆ తొందర అన్యాయంగానే కనిపిస్తుంది.

అందుకే నా ఓటు సెనెగల్ రాజధాని డకార్‌కి. 1982 నుంచి 1990 దాకా ఆఫ్రికాలోని చాద్‌ని పాలించిన హిస్సేన్ హబ్రే, పదవి పోయాక సెనెగల్‌కి పారిపోయి హాయిగా బతికాడు. అతని జైల్లో రెండేళ్లకి పైగా మగ్గిన సులేమాన్ గెంగెంగ్ అనే అకౌంటెంటు, బతికి బయటపడితే నిజం చెప్పిస్తానని ఒట్టేసుకున్నాడు. తోటి బాధితులతో కలిసి 792 మంది వాంగ్మూలాలు రాయించి ఇంటి దగ్గర దాచిపెట్టాడు. పాత రహస్య పోలీసు ఆఫీసులో 2001లో దొరికిన కాగితాల్లో, నిర్బంధంలో చనిపోయిన 1,208 మంది పేర్లు ఉన్నాయి. సెనెగల్ ఏళ్ల తరబడి నాన్చింది, విచారించండి, లేదా మాకు అప్పగించండి అంటూ బెల్జియం, దేశాల మధ్య తగాదాలు తేల్చే అంతర్జాతీయ న్యాయస్థానానికి (ఇది క్రిమినల్ కోర్టు కాదు, వేరే) వెళ్లి 2012లో గెలిచాకే కదిలింది. ఆఫ్రికా యూనియన్‌తో కలిసి డకార్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు, దానికి బుర్కినా ఫాసో జడ్జి అధ్యక్షత వహించాడు. హబ్రే రానని మొరాయిస్తే గార్డులు మోసుకొచ్చి కూర్చోబెట్టారు. 93 మంది సాక్షులు చెప్పారు, 2016 మే 30న యావజ్జీవం పడింది, 2021లో శిక్ష అనుభవిస్తూనే పోయాడు.

డకార్ కూడా చాద్‌కి దగ్గరేం కాదని మా సీనియర్ గారు అన్నారు, నిజమే. కానీ కేసు నడిపించింది బాధితులే. తమని హింసించినవాడు ఎదురుగా కూర్చుంటే చెప్పాల్సింది చెప్పారు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. అప్పీలు కోర్టు 2017లో 7 వేలకు పైగా బాధితులకి పరిహారం ఇవ్వాలంది. ఆ డబ్బు కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు, చూస్తూ చూస్తూనే కొందరు చనిపోయారు.