గట్ బ్యాక్టీరియా వేటకు అనెరోజెన్ సాచెట్ ఎంతవరకు పనికొస్తుంది?

సోయాలోని డైడ్జీన్‌ను ఈస్ట్రోజెన్‌ను పోలిన ఈక్వాల్‌గా మార్చే రకాల కోసం, ఆక్సిజన్ పడని గట్ (పేగు) బ్యాక్టీరియాను పెంచాలంటే, గాలి చొరని పెద్ద పెట్టె లాంటి అనెరోబిక్ చాంబర్ లేని ల్యాబ్‌లన్నీ చివరికి చేరేది మూత బిగించే జార్, అందులోని ఆక్సిజన్‌ను తీసేసే సాచెట్ దగ్గరికే. ఆక్సాయిడ్ అనెరోజెన్ 2.5 లీటర్ల సాచెట్‌కు నీళ్లు పోయనక్కర్లేదు, పల్లేడియం కెటలిస్ట్ అక్కర్లేదు. రేకు కవరు చింపి, నిమిషంలోపు జార్‌లో పెట్టి మూత బిగించాలి. అందులోని ఆస్కార్బిక్ ఆమ్లం అరగంటలో ఆక్సిజన్‌ను 1 శాతం కిందికి దించుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను 9-13 శాతానికి తెస్తుంది. సాచెట్ వేడెక్కితే కంగారు పడకండి, అది పనిచేస్తున్న గుర్తు. ఆక్సిజన్ ఉన్నంతసేపు గులాబీగా ఉండే రిజాజురిన్ పట్టీ ఆ గులాబీ రంగు వదలకపోతే మాత్రం ముందు మూత రబ్బరు రింగు చూడండి. అక్కడ ఇరుక్కున్న అగార్ (ప్లేట్లలోని జెల్లీ) తునక ఒక్కటి చాలు, గాలి దూరడానికి.

కాలనీలు ఏరడం వరకు ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ప్లేట్లను ముందురోజే వేరే సాచెట్‌తో ఆక్సిజన్ లేకుండా చేసి ఉంచాలి, నమూనా పూశాక జార్‌ను ఐదు రోజులు కదపకూడదు. గోర్డోనిబాక్టర్, ఎగర్థెల్లా లాంటివి సూదిమొనంత కాలనీలు. 48 గంటలకే ఆత్రపడి తెరిస్తే కంటికి కనిపించేది జోరుగా పెరిగే బాక్టీరాయిడిస్సే, పైగా సాచెట్ వృథా. మీడియంలో 1 శాతం ఆర్జినిన్ కలిపితే ఎగర్థెల్లా లెంటా బాగా లేస్తుంది.

అసలు చిక్కు, సోయాలోని డైడ్జీన్‌ను ఈ కాలనీ ఈక్వాల్‌గా మారుస్తుందా అని పరీక్షించేటప్పుడు వస్తుంది. ఈ సాచెట్ హైడ్రోజన్ ఇవ్వదు. మంటల భయం లేదు కనుక అది మంచి గుణమే. కానీ డైడ్జీన్ ముందు డైహైడ్రో, తర్వాత టెట్రాహైడ్రో రూపం దాటి ఈక్వాల్ కావాలంటే ప్రతి మెట్టులోనూ ఎలక్ట్రాన్లు కావాలి. హైడ్రోజన్ అందితే ఆ పని ఊపందుకుంటుంది. అందుకే ఈ పరీక్షకు సాచెట్‌కు రెండు మార్కులే. జార్‌లో ‘మార్చలేదు’ అని తేలిన కాలనీని పారేయకుండా, నైట్రోజన్ 85, కార్బన్ డయాక్సైడ్ 10, హైడ్రోజన్ 5 శాతం నింపిన హంగేట్ ట్యూబులో (గాలి దూరని రబ్బరు మూత ఉన్న గాజు ట్యూబు) మళ్లీ చూడండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది, మార్చకపోయినా మార్చినట్టు కనిపించడం; అది సాచెట్ నేరం కాదు. డైడ్జీన్ నీళ్లలో సరిగా కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించినా, బ్రాత్‌లో (ద్రవ మీడియం) మోతాదు మించితే అడుగున పొడిలా దిగుతుంది. పైద్రవాన్ని వడగట్టి పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి ఎక్కిస్తే డైడ్జీన్ తగ్గినట్టే కనిపిస్తుంది, 280 నానోమీటర్ల దగ్గర ఈక్వాల్ పీక్ మాత్రం ఉండదు. 100 మైక్రోమోలార్ దాటకండి. వడగట్టకుండా మొత్తం బ్రాత్‌నే ఇథైల్ అసిటేట్‌తో లాగండి, బ్యాక్టీరియా వేయని ట్యూబునూ పక్కన నడపండి.

మార్పు ఖాయమయ్యాకే గుర్తింపు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువును రెండు చివరల నుంచీ చదివించాలి, ఒకవైపు రీడ్‌తో 1,500 బేస్‌లు పూర్తికావు. దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో (ఒక జాతికి ప్రామాణికంగా పెట్టుకున్న రకం) పోలిక 98.7 శాతానికి తక్కువైతే కొత్త జాతి అని ఆశపడొచ్చు. ఎక్కువ వచ్చినా వదలొద్దు, జీనోమ్ ఏఎన్ఐ (రెండు జీనోమ్‌ల సగటు పోలిక) 95 శాతానికి దిగువన ఉంటే అదీ కొత్తదే. పేరు చెల్లాలంటే స్ట్రెయిన్‌ను రెండు దేశాల కల్చర్ కలెక్షన్లలో పెట్టాలి. తొలి గ్లిసరాల్ స్టాక్ (గడ్డకట్టించి దాచిన కల్చర్) నుంచే పంపండి, సబ్‌కల్చర్లు చేస్తూ పోతే ఈక్వాల్ చేసే గుణం పోగొట్టుకునే రకాలున్నాయి.