మూడేళ్లు ఓపెన్ స్కూల్లో పది చదివాక నా అనుభవం

ఏడో తరగతితో బడి మానేసిన నేను 37 ఏళ్లకి ఏపీ ఓపెన్ స్కూల్లో, అంటే రోజూ బడికి పోకుండా ఇంట్లో చదివి పరీక్ష రాసే దాంట్లో, పదో తరగతికి ఫీజు కట్టాను. మాది కావలి పక్కన పల్లె. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నా, టీచరు పోస్టుకి పోవాలంటే పది పాసై ఉండాలి, కారణం అదొక్కటే. చదువు మీద ప్రేమ గీమ అప్పుడేం లేదు.

ముందు మంచి చెబుతా. 14 నిండితే చాలు, పైన వయసు ఎంతైనా అడగరు. ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, ఒక్కోదాంట్లో 35 వస్తే పాస్, పాసైంది మళ్లీ రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసుకోవచ్చు. ఈ సంగతి చేరిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పుంటే సగం టెన్షన్ తప్పేది. మొదటిసారి ఐదూ రాస్తే ఇంగ్లీషు, లెక్కలు పోయాయి. ఇక అయిపోయింది అనుకుని వారం రోజులు క్లాసులు పెట్టే సెంటర్ వైపే పోలేదు. తర్వాత తెలిసింది పాసైన మూడూ నా ఖాతాలో అట్టే ఉంటాయని, ఇంగ్లీషు ఒక్కటే కట్టి రాశా, ఆ తర్వాత లెక్కలు, అదీ రెండోసారికి గట్టెక్కింది. అసలు లెక్కల బదులు ఎకనామిక్సో సైకాలజీయో తీసుకోవచ్చంట! హోమ్ సైన్స్ తీసుకున్నదాన్ని, ఇది మాత్రం అడగలేదు.

క్లాసుల సంగతి చెప్పాలంటే కోపమొస్తుంది. ఆదివారాలు, సెలవుల్లో పెడతామన్నారు, నేను బస్సు దిగి పోయిన నాలుగు ఆదివారాల్లో రెండుసార్లు గేటుకి తాళం. పుస్తకాలు పరీక్షలు దగ్గర పడ్డాక ఇచ్చారు. పైగా అక్కడే తిరిగే ఒకాయన, నువ్వేం చదవబాకమ్మా, ఇంత ఇస్తే మేం చూసుకుంటాం అన్నాడు. నాతో చేరిన ఇద్దరు ఇచ్చారు కూడా, డబ్బూ పోయింది పరీక్షా పోయింది. ఇంకో ఇబ్బంది, పరీక్షలు సరిగ్గా మా వైపు వరి కోతలప్పుడు పడతాయి, పొలం కాడ అన్నం ఇచ్చొచ్చి చదవాలంటే కళ్లు మూతలు పడేవి.

నాకు చదువు చెప్పింది నిజానికి మా పక్కింటి తొమ్మిదో తరగతి పిల్ల. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట, భిన్నాలు దోసె ముక్కలు చేసి చూపించేది. మా అమ్మ పక్కనే కూర్చునేది. ఆమె సంతకం నేర్చుకుంది 1991 ప్రాంతంలో, మా నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత కోసం రాత్రి బళ్లు నడిచిన రోజుల్లో, ఆ బళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలే దూబగుంట అనే పల్లె నుంచి సారా మీద పోరాటమయ్యాయి. లాంతరు వెలుగులో ఆమె పలక పట్టుకుని కూర్చోవడం నాకు లీలగా గుర్తు. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి గిన్నెలు ఆమే తోమేది, లేవబోతే కసిరేది.

చేరాలనుకునేవాళ్లు మొదటిసారికి మూడు సబ్జెక్టులు మాత్రం గట్టిగా చదవండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఫీజు రసీదులు, హాల్ టికెట్లు పారెయ్యబాకండి, నా పేరులో ఒక అక్షరం తప్పు పడితే అవే పట్టుకుని తిరిగా.

లెక్కల్లో 37 వచ్చాయి. ఇంటర్‌కి కూడా ఓపెన్ స్కూల్లోనే కడదామని ఉంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు.