అన్న మోలీనానా, తమ్ముడు మోలీనానా?
నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం బయట టీ తాగుతూ మా కుర్రాళ్లు తేల్చుకోలేని తగువు ఇది. బేస్‌బాల్ క్యాచర్లలో (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే, మన వికెట్ కీపర్ లాంటివాళ్లు) హోసే మోలీనా గొప్పా, తమ్ముడు యాడియర్ గొప్పా?

హోసే విద్యంతా మణికట్టులోనే ఉంది. బ్యాటర్ పక్కన నేల మీదుండే 17 అంగుళాల పలక, అంటే ప్లేట్, అంచుకు వెంట్రుకవాసి బయట పడ్డ బంతిని, చెయ్యి ఊగకుండా పట్టి, గ్లౌజు మెల్లగా లోపలికి తెచ్చేవాడు. అంపైర్ అది సరైన బంతే అనుకుని స్ట్రైక్ (మూడైతే బ్యాటర్ అవుట్) అనేసేవాడు. దీన్నే ఫ్రేమింగ్ అంటారు. (మన కీపర్ ఎంత జరిపినా ఎల్‌బీడబ్ల్యూ రాదు కదా!) బ్యాటింగ్ అంతంత మాత్రమే అయినా, టాంపా బే రేస్ జట్టు అతన్ని ఏరికోరి తీసుకుంది.

యాడియర్ 2004 నుంచి 2022 దాకా సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులోనే ఆడాడు. మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు 9 గెలిచాడు. బేస్ దొంగిలించబోయిన, అంటే బంతి వేసేలోగా తర్వాతి బేస్‌కు పరుగెత్తబోయిన, ప్రతి పదిమందిలో దాదాపు నలుగురిని అవుట్ చేశాడు. ఒక్కోసారి మోకాళ్ల మీద నుంచే విసిరేవాడు.

నా ఓటు తమ్ముడికే. ఫ్రేమింగ్ లాభం ఒక్క బంతికి చిన్నదే కానీ, సీజన్లో వేల బంతులకు కలిపితే పెద్దదే, ఒప్పుకుంటా. అయితే 2026 నుంచి అమెరికా మేజర్ లీగ్‌లో స్ట్రైకా కాదా అన్న అంపైర్ కాల్‌ను ఆటగాళ్లు సవాలు చేయొచ్చు, కెమెరాలు తేలుస్తాయి. కాకపోతే రెండు సవాళ్లు తప్పని తేలితే, అదనపు ఇన్నింగ్స్ వస్తే తప్ప, ఆ మ్యాచ్‌లో ఆ జట్టుకు ఇక చాన్స్ లేనట్టే. అందుకే అన్న విద్యకూ ఇంకా కొంత గిరాకీ ఉంటుంది.